బొబ్బిలి స్తంభం ఏం చెబుతుంది?

చదువు రాకముందు మనం చాలా రాళ్ల పక్క నుంచి నడిచి వెళ్లాం. కొన్నింటికి దండం పెట్టాం. కొన్నింటి మీద కూర్చుని మూట దించుకున్నాం. వాటి మీద ఏముందో మనకు తెలియదు. అడగాలని కూడా అనిపించలేదు.

ఇప్పుడు అలా కాదు. బస్సు మీద ఊరి పేరు చదువుతున్నాం. రేషను కార్డు మీద మన పేరు చదువుతున్నాం. రాతి మీద అక్షరం కనబడితే కాలు ఆగుతుంది. కూడబలుక్కుని అయినా చదువుతాం.

ఈ పాఠం అలాంటి ఒక స్తంభం గురించి. అది విజయనగరం జిల్లా బొబ్బిలిలో ఉంది. యుద్ధంలో చనిపోయిన వాళ్ల జ్ఞాపకం కోసం నిలబెట్టిన స్తంభం అది. ఇలాంటి దాన్ని యుద్ధ స్మారకం అంటారు. స్మారకం అంటే గుర్తు చేసేది.

ఈ స్తంభం ఏ యుద్ధాన్ని గుర్తు చేస్తుంది? ఆ యుద్ధం ఎందుకు వచ్చింది? అందులో ఆడవాళ్లు ఏమయ్యారు? ఒక్కొక్కటే తెలుసుకుందాం.

పులి పేరున్న ఊరు

బొబ్బిలి పాత ఊరు. 1652 ప్రాంతంలో అక్కడ సంస్థానం ఏర్పడిందని చెబుతారు. సంస్థానం అంటే చిన్న రాజ్యం. దాన్ని స్థాపించినవాడు పెద్దరాయుడు. శ్రీకాకుళం నవాబు షేర్ మహమ్మద్ ఖాను దగ్గర ఆయన పనిచేశాడు. షేర్ అంటే పులి. ఆ నవాబు మీద గౌరవంతో ఊరికి పెద్దపులి అని పేరు పెట్టారట. పెద్దపులి, పెబ్బులి, బెబ్బులి, చివరికి బొబ్బిలి. నోళ్లలో నలిగి నలిగి పేరు అలా మారింది.

బొబ్బిలికి పొరుగున విజయనగరం సంస్థానం ఉంది. అది ఇంకా పెద్దది. విజయనగరం కోటను 1713లో కట్టారు. రెండూ తెలుగు సంస్థానాలే. ఒకే గాలి, ఒకే వాన. అయినా రెండింటికీ పడేది కాదు.

గొడవ ఎక్కడ మొదలయింది?

పొరుగువాళ్ల మధ్య గొడవ ఎందుకు వస్తుందో మనకు తెలుసు. గట్టు దగ్గర వస్తుంది. కాలువ దగ్గర వస్తుంది. మా మడికి రావలసిన నీళ్లు మీ మడికి మళ్లించుకున్నారంటే మాటా మాటా పెరుగుతుంది.

బొబ్బిలి, విజయనగరం మధ్య కూడా సరిహద్దు తగాదాలు, నీళ్ల తగాదాలు ఉండేవి. ఈ సంగతి రాబర్ట్ ఆర్మ్ అనే ఇంగ్లీషు ఆయన రాశాడు. ఆయన యుద్ధాన్ని కళ్లతో చూడలేదు. చూసినవాళ్లు, విన్నవాళ్లు చెప్పింది సేకరించి 1778లో పుస్తకంగా అచ్చు వేయించాడు. బొబ్బిలి వాళ్లు తమకు నీళ్లు తక్కువైనప్పుడు వాగు నీటిని తమ పొలాలకు మళ్లించుకునేవారని అందులో ఉంది.

పాటల్లో ఇంకా చాలా కారణాలు చెబుతారు. కోడిపందెం దగ్గర మాట పట్టింపు వచ్చిందంటారు. ఒకరి గొప్ప ఒకరికి గిట్టలేదంటారు. ఏది ఎంత నిజమో గానీ, ఒకటి మాత్రం తెలుస్తోంది. తగాదా చాలా ఏళ్లుగా నివురు కింద నిప్పులా ఉంది. కూర్చుని తీర్చుకున్నవాళ్లు లేరు.

బయటివాడు వచ్చాడు

ఆ రోజుల్లో ఫ్రెంచి వాళ్లు, ఇంగ్లీషు వాళ్లు మన దేశానికి వ్యాపారం కోసం వచ్చి ఉన్నారు. వ్యాపారంతో ఆగలేదు. సైన్యాలు పెట్టుకున్నారు. హైదరాబాదు నిజాము సలాబత్ జంగు ఫ్రెంచి వాళ్ల సాయంతో గద్దె ఎక్కాడు. ఆ సాయానికి బదులుగా 1753లో మన కోస్తాలోని సర్కారు జిల్లాలను ఫ్రెంచి వాళ్లకు అప్పగించాడు. అక్కడి పన్ను డబ్బుతో వాళ్లు తమ సైన్యాన్ని పోషించుకోవాలి. ఫ్రెంచి సైన్యానికి పెద్ద బుస్సీ.

అక్కడి సంస్థానాలు బుస్సీకి కప్పం కట్టాలి. కప్పం అంటే పెద్ద ప్రభువుకు చిన్న రాజు కట్టే సొమ్ము. ఆ సొమ్ము వసూలు కోసం బుస్సీ సైన్యంతో ఉత్తరాదికి బయలుదేరాడు. విజయనగరం రాజు పెద విజయరామరాజు ఆయనతో చేతులు కలిపాడు. అప్పుడు బొబ్బిలి రాజు రంగారావు. ఆయన భార్య మల్లమ్మదేవి.

బొబ్బిలిని తప్పించమని విజయరామరాజు బుస్సీని కోరాడు. రంగారావు బొబ్బిలి వదిలిపెట్టాలనీ, దానికి బదులు వేరేచోట భూమి ఇస్తామనీ కబురు వెళ్లింది. రంగారావు ఒప్పుకోలేదు. పుట్టిన నేల వదిలి పోనన్నాడు.

ఆ సమయంలోనే బుస్సీ పంపిన కొందరు సిపాయిలు బొబ్బిలి అడవిలో దెబ్బ తిన్నారు. చాలామంది చనిపోయారు. ఇది రంగారావు పనే అని విజయరామరాజు నమ్మించాడని ఆర్మ్ రాశాడు. బుస్సీ దగ్గర ఉన్న హైదర్ జంగు లంచం తిని మాట మార్చాడని మన పాటలు చెబుతాయి. ఎలా అయితేనేం, బుస్సీ సైన్యం బొబ్బిలి మీదికి కదిలింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. ఇద్దరు పొరుగువాళ్ల తగాదా ఇది. నీళ్ల దగ్గర, గట్టు దగ్గర తేల్చుకోవలసినది. దాన్ని తీర్చడానికి బయటివాడి ఫిరంగి వచ్చింది.

1757 జనవరి 24

బొబ్బిలి కోట రాతికోట కాదు, మట్టికోట. మూలల్లో బురుజులు ఉన్నాయి. చుట్టూ దట్టమైన అడవి ఉంది. లోపల రాజు కుటుంబం, యోధుల కుటుంబాలు, పిల్లాజెల్లా అందరూ ఉన్నారు.

బయట ఎంత సైన్యం ఉంది? ఆర్మ్ లెక్క ప్రకారం తెల్లవాళ్లు 750 మంది. అందులో 250 మంది గుర్రాల మీద ఉన్నారు. నాలుగు ఫిరంగులు ఉన్నాయి. విజయరామరాజు సైన్యం 11,000 మంది.

తెల్లవారుతూనే ఫిరంగులు పేలాయి. మట్టిగోడకు గండ్లు పడ్డాయి. సైనికులు ఆ గండ్లలోంచి ఎక్కబోయారు. లోపలివాళ్లు ఈటెలతో, కత్తులతో వాళ్లను వెనక్కి తోశారు. మళ్లీ ఎక్కారు. మళ్లీ తోశారు. మధ్యాహ్నం దాటినా కోట పడలేదు.

కానీ లోపల మనుషులు తగ్గిపోతున్నారు. బయట తగ్గడం లేదు. ఇక కోట నిలవదని రంగారావుకు అర్థమయింది.

కోటలో ఆడవాళ్లు

ఇక్కడినుంచి చెప్పడం కష్టం. అయినా చెప్పాలి. ఎందుకంటే ఆ స్తంభం వెనుక ఉన్న అసలు బరువు ఇదే.

శత్రువు లోపలికి వస్తే ఆడవాళ్లను చెరబడతారని కోటలోని మగవాళ్లు భయపడ్డారు. అలా జరగకూడదని ఒక నిర్ణయం చేశారు. ఆర్మ్ రాసిన ప్రకారం, రంగారావు తన మనుషులను పిలిచి చెప్పాడు. కోటలో ఇళ్లకు నిప్పు పెట్టారు. ఆడవాళ్లు, పిల్లలు ఆ మంటల్లో చనిపోయారు. బయటికి వచ్చినవాళ్లు తమవాళ్ల కత్తులకే చనిపోయారు. ఆ తర్వాత మగవాళ్లు తిరిగి గోడ దగ్గరికి వెళ్లి పోరాడుతూ చనిపోయారు. రంగారావు తుపాకి గుండు తగిలి పడిపోయాడు. ప్రాణం కాపాడతాం, లొంగిపొమ్మన్నా ఎవరూ లొంగలేదు.

మన పాటల్లో మల్లమ్మదేవి ధీరురాలు. తన చావును తానే కోరుకుంది. ఆర్మ్ పుస్తకంలో ఆడవాళ్ల మాటే లేదు. వాళ్లు ఏమన్నారో, ఎవరైనా వద్దన్నారో, పిల్లను గుండెకు హత్తుకుని ఏ తల్లి ఎక్కడికి పరుగెత్తిందో ఎవరూ రాసి పెట్టలేదు.

రెండు వందల ఏళ్లకు పైగా ఈ కథ విన్నవాళ్లు ‘ఆహా, ఎంత పౌరుషం’ అన్నారు. పౌరుషం ఉంది. కాదనలేం. కానీ ఆడవాళ్లం కూర్చుని చదువుతున్నప్పుడు ఇంకో మాట కూడా మనసులో మెదులుతుంది. కాలువ తగాదాలో వాళ్లను ఎవరూ అడగలేదు. కబుర్లు పంపుకున్నప్పుడు అడగలేదు. చివరికి చావు దగ్గర కూడా అడిగారో లేదో తెలియదు. మానం పేరు మీద మొదట పోయినవి వాళ్ల ప్రాణాలే. చేసింది తప్పా ఒప్పా అని ఈనాడు తీర్పు చెప్పడం సులువే. కానీ వాళ్లను తలచుకోకుండా బొబ్బిలి వీరుల్ని తలచుకోవడం మాత్రం న్యాయం కాదు.

ఒక పసివాడు మిగిలాడు

పొగ, మంట, శవాలు. అంతలో ఒక ముసలాయన ఒక పిల్లవాడి చెయ్యి పట్టుకుని ఫ్రెంచి వాళ్ల దగ్గరికి నడిచి వచ్చాడట. “వీడు రంగారావు కొడుకు. తండ్రి మాట కాదని నేను కాపాడాను” అన్నాడని ఆర్మ్ రాశాడు. ఆ పిల్లవాడే చినరంగారావు.

ఆ రోజు అందరూ చావు వైపు నడిచారు. ఒక్క ముసలాయన మాత్రం బతుకు వైపు నడిచాడు. ఆయన పేరు మనకు తెలియదు. ఆయన వల్లనే బొబ్బిలి వంశం నిలిచింది.

మూడో రాత్రి

మల్లమ్మదేవి అన్న తాండ్ర పాపారాయుడు. యుద్ధం నాటికి ఆయన రాజాంలో ఉన్నాడని మన కథ చెబుతుంది. కబురు తెలిసి వచ్చేసరికి కోట బూడిద అయింది. చెల్లెలు లేదు. బావ లేడు.

యుద్ధం జరిగిన మూడో రాత్రి పాపారాయుడు విజయరామరాజు డేరాలోకి దూరి ఆయనను పొడిచి చంపాడు. ఆ పైన తనను తానే చంపుకున్నాడని పాటలు చెబుతాయి. కాపలావాళ్ల చేతిలో చనిపోయారని ఆర్మ్ పుస్తకం చెబుతుంది. విజయరామరాజు చనిపోయిన సంగతి మాత్రం రెండింటిలోనూ ఒకటే.

గెలిచిందెవరు?

బొబ్బిలి రాజు పోయాడు. విజయనగరం రాజు కూడా పోయాడు. మరి గెలిచిందెవరు? ఫ్రెంచి వాళ్లా? వాళ్లూ నిలవలేదు.

విజయనగరంలో కొత్తగా గద్దె ఎక్కిన ఆనందరాజు ఫ్రెంచి వాళ్లను వదిలి ఇంగ్లీషు వాళ్లను పిలిచాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర యుద్ధం జరిగింది. ఫ్రెంచి వాళ్లు ఓడిపోయారు. కొద్ది ఏళ్లలో సర్కారు జిల్లాలన్నీ ఇంగ్లీషు కంపెనీ చేతికి వెళ్లాయి. 1794లో అదే కంపెనీ సొమ్ము కోసం విజయనగరం మీదికే సైన్యాన్ని పంపింది. పద్మనాభం దగ్గర జరిగిన యుద్ధంలో అప్పటి విజయనగరం రాజు చినవిజయరామరాజు చనిపోయాడు.

చూశారా! పొరుగువాడిని అణచడానికి బయటివాడిని పిలిస్తే, చివరికి ఇద్దరి ఇల్లూ బయటివాడి చేతికే పోయింది.

ఆ మిగిలిన పిల్లవాడు చినరంగారావు చాలా కష్టాలు పడ్డాడు. విజయనగరం వాళ్ల చెరలో ఉన్నాడు. తప్పించుకుని నిజాము రాజ్యానికి పోయాడు. పద్మనాభం యుద్ధం తర్వాతే ఆయనకు బొబ్బిలి మళ్లీ దక్కింది. ఇప్పుడు బొబ్బిలిలో మనం చూసే కోట ఆ తర్వాత కట్టినదే. 1757 నాటి మట్టికోట కాదు.

రాయి లేని రోజుల్లో

బొబ్బిలి యుద్ధ స్తంభాన్ని 1891లో నిలబెట్టారు. నిలబెట్టించినవాడు అప్పటి బొబ్బిలి మహారాజు వెంకట శ్వేతాచలపతి రంగారావు. పాత కోట నేల మీద ఆ స్తంభం లేచింది.

ఒక లెక్క చేద్దాం. పలక తీసుకోండి. 1891 లోంచి 1757 తీసివేయండి. ఎంత వచ్చింది? 134.

అంటే యుద్ధం జరిగిన 134 ఏళ్లకు స్తంభం వచ్చింది. యుద్ధం చూసినవాళ్లు అప్పటికి ఒక్కరూ బతికి లేరు. వాళ్ల పిల్లలూ లేరు. మరి అన్నేళ్లు ఈ కథను ఎవరు మోశారు?

పాట మోసింది. జంగం కథలు చెప్పేవాళ్లు మోశారు. తంబుర భుజాన వేసుకుని, పక్కన గుమ్మెటలు వాయిస్తుంటే, ఊరూరా తిరిగి రాత్రిళ్లు చెప్పారు. తర్వాత బుర్రకథల్లోకి వచ్చింది. పొలం పని చేసి వచ్చిన ఆడవాళ్లు చంటిబిడ్డను ఒళ్లో వేసుకుని విన్నారు. మల్లమ్మ దగ్గరికి వచ్చేసరికి కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. మర్నాడు చేలో చెప్పుకున్నారు.

వాళ్లలో ఎక్కువమందికి అక్షరం రాదు. అయినా కథ పోలేదు. కాబట్టి చదువు రానివాళ్లకు చరిత్ర లేదని ఎవరైనా అంటే నమ్మకండి. బొబ్బిలి కథకు మొదటి స్తంభం మన పెద్దల నోరే. రాతిస్తంభం తర్వాత వచ్చింది.

పండితులూ ఈ కథను పద్యాలుగా రాశారు. నాటకాలు వచ్చాయి. 1964లో ‘బొబ్బిలి యుద్ధం’ సినిమా వచ్చింది. అందులో భానుమతి మల్లమ్మదేవిగా నటించింది. 1986లో ‘తాండ్ర పాపారాయుడు’ సినిమా వచ్చింది. ఈనాడు చాలామందికి బొబ్బిలి అనగానే ఆ బొమ్మలే గుర్తొస్తాయి.

మరి రాయి ఎందుకు?

పాట ఉన్నప్పుడు రాయి ఎందుకని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న.

పాట నోటి మాట. చెప్పేవాళ్లు ఉన్నంతవరకే ఉంటుంది. ఒక్కొక్కరు ఒక్కొక్క మాట కలుపుతారు. రాయి అలా కాదు. ఇదిగో, ఇక్కడే జరిగింది అని చోటు చూపిస్తుంది. వాన కురిసినా, ఎండ కాసినా, కథ చెప్పేవాళ్లు రాకపోయినా నిలబడి ఉంటుంది. దారిన పోయే పిల్లవాడు “ఇదేమిటమ్మా?” అని అడుగుతాడు. ఆ అడగడంతో కథ మళ్లీ మొదలవుతుంది.

కానీ రాయికీ ఒక లోపం ఉంది. దాన్ని నిలబెట్టినవాళ్లు ఎవరిని గుర్తు పెట్టుకోవాలనుకున్నారో వాళ్లనే అది గట్టిగా గుర్తు చేస్తుంది. రాజులు నిలబెడితే రాజుల మాట ముందు ఉంటుంది. కోటలో పోయిన ఆడవాళ్లలో మనకందరికీ తెలిసిన పేరు ఒక్కటే, మల్లమ్మదేవి. మిగతావాళ్లు? వంట చేసిన ఆమె, నీళ్లు మోసిన ఆమె, సిపాయి భార్య, ఆమె చంటిబిడ్డ, వీళ్ల పేర్లు ఏమిటి? చెప్పేవాళ్లు లేరు.

ఇది బొబ్బిలి ఒక్కదాని లోపం కాదు. 1914 నుంచి జరిగిన మొదటి ప్రపంచ యుద్ధానికి మన దేశంలోని పల్లెల నుంచి ఎందరో మగవాళ్లు వెళ్లారు. అలాంటి కొన్ని ఊళ్లలో ఇంగ్లీషు ప్రభుత్వం పలకలు పెట్టించింది. ఈ ఊరినుంచి ఇంతమంది యుద్ధానికి వెళ్లారు, ఇంతమంది ప్రాణాలిచ్చారు అని వాటి మీద ఉంటుంది. అంకెలే ఉంటాయి. పేర్లు ఉండవు. ఒక్కొక్క అంకె వెనుక ఒక తల్లి, ఒక భార్య ఉన్నారు. ఆ అంకెలో తన కొడుకు ఉన్నాడని ఆ తల్లి చదువుకోలేకపోయింది.

అందుకే పేరు రాయడం చిన్న పని కాదు. మనం మొదట నేర్చుకున్నది మన పేరు రాయడమే. అది ఎందుకు అంత ముఖ్యమో ఈ రాళ్లను చూస్తే తెలుస్తుంది.

మీ ఊరి రాయి

మీ ఊళ్లో కూడా ఏదో ఒక గుర్తు ఉండే ఉంటుంది. పొలిమేరలో కత్తి పట్టిన మనిషి బొమ్మ చెక్కిన రాయి కావచ్చు. దాన్ని వీరగల్లు అంటారు. ఊరికోసం, పశువుల మంద కోసం పోరాడి చనిపోయినవాళ్లకు అలాంటి రాళ్లు నిలిపేవారు. బడి దగ్గర సైనికుడి విగ్రహం కావచ్చు. పోరాటంలో పోయినవాళ్ల స్తూపం కావచ్చు.

ఈసారి అటు వెళ్లినప్పుడు ఆగండి. దుమ్ము తుడవండి. అక్షరాలు ఉంటే చదవండి. ముందు సంవత్సరం చూడండి. యుద్ధం ఎప్పుడు జరిగింది? రాయి ఎప్పుడు పెట్టారు? మధ్యలో ఎన్నేళ్లు? తర్వాత పేర్లు చూడండి. ఎవరి పేరు ఉంది? ఎవరు పెట్టించారు? ఇంటికి వచ్చి మీ అత్తనో, నాయనమ్మనో అడగండి. రాతి మీద లేని పేరు వాళ్ల నోట్లో ఉండవచ్చు. ఆ పేరు మీ పుస్తకంలో రాసి పెట్టుకోండి.

బొబ్బిలి కథను మన పెద్దలు 134 ఏళ్లు నోటితో మోశారు. మన చేతిలో ఇప్పుడు కలం కూడా ఉంది.

మాట్లాడుకుందాం

1. బొబ్బిలికి, విజయనగరానికి తగాదా ఎందుకు వచ్చింది? అలాంటి తగాదాలు మీ ఊళ్లో ఉన్నాయా? ఎలా తీర్చుకుంటున్నారు?

2. బయటివాడిని పిలవడం వల్ల ఎవరికి లాభం కలిగింది? ఎవరికి నష్టం కలిగింది?

3. పిల్లవాడిని కాపాడిన ముసలాయన చేసింది సరైన పనేనా? మీరైతే ఏం చేసేవారు?

4. కోటలో చనిపోయిన ఆడవాళ్ల కోసం ఒక రాయి పెట్టాలంటే దాని మీద ఏం రాయాలి? ఒక్క వాక్యం మీ చేత్తో రాయండి. రాసింది అందరికీ చదివి వినిపించండి.